శాఖల లింకుల మీద వాజూ: బ్యాండ్‌విడ్త్, లేటెన్సీ కోణంలో ఒక సమీక్ష

2015లో ఓసెక్ (OSSEC) అనే భద్రతా సాఫ్ట్‌వేర్ నుంచి విడివడి, ఓపెన్ సోర్స్‌గానే ఎదిగిన వాజూను (Wazuh) చిన్న, మధ్యస్థాయి సంస్థలు ఎంచుకోవడానికి ప్రధాన కారణం ఒక్కటే. లైసెన్సు రుసుము లేకుండా భద్రతా ఈవెంట్లను (లాగిన్, ఫైలు మార్పు వంటి వాటి నమోదులను) ఒకచోటికి చేర్చి, విశ్లేషించి, అలర్టులు ఇవ్వగల వ్యవస్థ అది. దాని డాష్‌బోర్డు గురించి, రూల్స్ గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి ఈ సమీక్షలో వాటి జోలికి వెళ్లడం లేదు. హైదరాబాదులో ప్రధాన కార్యాలయం, ఆదిలాబాద్ నుంచి శ్రీకాకుళం దాకా శాఖలు, ఒక్కో శాఖకు 2 ఎంబీపీఎస్ లీజ్డ్ లైను, దానికి తోడు ఒక 4జీ రౌటరు ఉన్న సంస్థలో ఈ ఉత్పత్తి ఎంతవరకు నిలబడుతుందన్నదే ఇక్కడి ప్రశ్న. ఇందులో చెప్పేదంతా వాజూ 4వ శ్రేణి వెర్షన్లకు సంబంధించినది.

నా అంచనా ముందే చెబుతాను. వాజూ మామూలు రోజుల్లో చాలా తక్కువ బ్యాండ్‌విడ్త్‌తో (లింకు సెకనుకు మోయగల డేటాతో) పని నడుపుకుంటుంది, ప్రతి కంప్యూటరులో నడిచే ఏజెంటు ప్రోగ్రాముకూ, కేంద్రంలోని మేనేజరు సర్వరుకూ మధ్య లేటెన్సీ (డేటా వెళ్లి రావడానికి పట్టే ఆలస్యం) కొన్ని వందల మిల్లీసెకన్లు ఉన్నా పెద్దగా ఇబ్బంది పడదు. అయితే దాడి జరిగే సమయంలో, లేదా లింకు నీరసపడిన సమయంలో, అంటే భద్రతా వ్యవస్థ అవసరం నిజంగా పడే సమయంలో, దాని డిఫాల్ట్ విలువలు చిన్న లింకులకు సరిపోవు. వాటిని మార్చకుండా శాఖల్లో ఏజెంట్లను పరిచిన సంస్థకు డాష్‌బోర్డు మీద అన్నీ ఆకుపచ్చగా కనిపిస్తూనే, ముఖ్యమైన ఈవెంట్లు చేజారే అవకాశం ఉంది.

ఈ అంచనాకు ఆధారం వాజూ నిర్మాణంలోనే ఉంది. లాగ్‌లను (కంప్యూటరు రాసుకునే నమోదులను) దాడిని గుర్తించే రూల్స్‌తో సరిచూసే పని ఏజెంటు చేయదు, మేనేజరే చేస్తుంది. అందువల్ల శాఖలోని ప్రతి కంప్యూటరూ తాను సేకరించిన లాగ్‌లను, అలర్టుగా మారేవైనా మారనివైనా, మొత్తంగా మేనేజరుకు పంపవలసిందే. ఈ రాకపోకలన్నీ 1514 పోర్టు మీద, 4.0 వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా టీసీపీ (దారిలో పోయిన ప్యాకెట్లను మళ్లీ పంపే పద్ధతి) ద్వారా, ఎన్‌క్రిప్షన్‌తో జరుగుతాయి. ప్రతి ఈవెంటునూ విడివిడిగా కుదించి, విడివిడిగా ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతారు కాబట్టి, వందలాది ఒకే రకం లాగ్ వరుసలను కలిపి కుదించినప్పుడు దక్కే పెద్ద ఆదా ఇక్కడ దక్కదు. శాఖల లింకుల మీద ఇది గుర్తించవలసిన లోపమే.

ఇక లెక్కకు వద్దాం. ఒక శాఖలో 20 కంప్యూటర్లు ఉండి, ఒక్కొక్కటి సగటున సెకనుకు ఒక ఈవెంటు పంపుతుందనీ, విండోస్ ఈవెంట్లు కాస్త బరువైనవి కాబట్టి ఒక్కోటి 1000 బైట్లు ఉంటుందనీ అనుకుంటే, మొత్తం సెకనుకు 20 కిలోబైట్లు, అంటే 160 కేబీపీఎస్ అవుతుంది. 2 ఎంబీపీఎస్ లింకులో ఇది నూటికి ఎనిమిది వంతులు మాత్రమే. ఈ సగటును మాత్రమే చూసి సంతృప్తి పడే ప్రణాళికలే ఎక్కువ. వాజూ ఏజెంటులోని క్లయింట్ బఫర్‌కు (పంపేముందు ఈవెంట్లు ఆగే తాత్కాలిక నిల్వకు) డిఫాల్ట్‌గా రెండు హద్దులు ఉన్నాయి: సెకనుకు గరిష్ఠంగా 500 ఈవెంట్లు పంపవచ్చు, పంపడం ఆలస్యమైతే 5000 ఈవెంట్లను వరుసలో నిలుపుకోవచ్చు. ఈ 500 హద్దు ఒక్కో ఏజెంటుకు వేరువేరుగా వర్తిస్తుంది, శాఖ మొత్తానికి కలిపి ఇంత అనే హద్దు ఎక్కడా లేదు. నెట్‌వర్కు మీద తనంతట తానే పాకే వర్మ్ రకం వైరస్ ఒకటి శాఖలోని కంప్యూటర్లన్నిటినీ ఒకేసారి తాకి, 20 ఏజెంట్లూ తమ హద్దు దాకా పంపడం మొదలుపెడితే, అదే 1000 బైట్ల లెక్కన 80 ఎంబీపీఎస్ కావాలి. లింకు 2 ఎంబీపీఎస్. అంటే డిఫాల్ట్ విలువ శాఖ లింకుకు 40 రెట్లు పెద్దది, పైగా అదే లింకు మీద శాఖ లావాదేవీలు కూడా నడుస్తుంటాయి.

కాబట్టి సెకనుకు ఈవెంట్ల హద్దును తగ్గించాలి. సగం లింకును మాత్రమే భద్రతా లాగ్‌లకు వదలాలనుకుంటే, అంటే 1 ఎంబీపీఎస్ అనుకుంటే, 20 ఏజెంట్లకు ఒక్కొక్క దానికి సెకనుకు ఆరు ఈవెంట్లే వస్తాయి. ఈ అంకె చూడగానే చాలామంది నెట్‌వర్క్ ఇంజినీర్లు సంతోషిస్తారు, భద్రతా విభాగం వారు కలవరపడతారు, ఇద్దరికీ కారణాలున్నాయి. సెకనుకు ఆరు చొప్పున 5000 ఈవెంట్ల వరుస ఖాళీ కావడానికి దాదాపు 14 నిమిషాలు పడుతుంది. ఆ వరుసలో ప్రాధాన్యం అనేది లేదు, ముందు వచ్చినది ముందు పోతుంది. ఫైళ్ల మార్పులను గమనించే భాగం నుంచి వచ్చిన సాధారణ సమాచారం వెనుక, ఎవరో అడ్మిన్ పాస్‌వర్డును ఛేదించారన్న ఈవెంటు నిలబడి ఎదురుచూస్తుంది. వాజూలో నాకు అన్నిటికంటే అసంతృప్తి కలిగించే అంశం ఇదే. భద్రతా ఈవెంట్ల కోసమే తయారైన ఉత్పత్తిలో, అత్యవసరమైన ఈవెంటుకు ముందు వరుస ఇచ్చే ఏర్పాటు ఏజెంటు స్థాయిలో ఉండి తీరాలి.

వరుస నిండిపోతే ఏమవుతుంది? కొత్తగా వచ్చే ఈవెంట్లు పోతాయి. సెకనుకు 50 ఈవెంట్లు పుడుతూ, నీరసపడిన లింకు మీద ఐదు మాత్రమే వెళ్లగలిగితే, 5000 స్థానాలు రెండు నిమిషాలు గడవకముందే నిండుతాయి. ఈ విషయంలో వాజూ నిజాయితీగా ప్రవర్తిస్తుందని చెప్పాలి. బఫర్ 90 శాతానికి చేరినప్పుడు ఒక హెచ్చరిక, పూర్తిగా నిండినప్పుడు ఇంకొకటి, నిండిన స్థితి 15 సెకన్లకు మించి కొనసాగితే మరింత తీవ్రమైన అలర్టు, తిరిగి 70 శాతం కిందికి దిగినప్పుడు మామూలు స్థితికి వచ్చిందన్న సమాచారం ఇస్తుంది. 202 నుంచి 205 వరకు ఉన్న రూల్స్ వీటికోసమే. తాను కొన్నిటిని చూడలేకపోయానని తానే చెప్పే వ్యవస్థను నమ్మవచ్చు. అయితే ఆ నాలుగు రూల్స్‌ను ఎవరైనా గమనిస్తూ ఉండాలి. వాటికి ఈమెయిలు లేదా మరో తక్షణ సమాచార మార్గం పెట్టుకోని సంస్థలో ఆ నిజాయితీ వృథా అవుతుంది. ఏజెంటు కంప్యూటరులోనే ఉండే స్థితి ఫైలులో బఫరులో ఎన్ని ఈవెంట్లు నిలిచి ఉన్నాయో, చివరిసారి మేనేజరు నుంచి జవాబు ఎప్పుడు వచ్చిందో కనిపిస్తాయి. మేనేజరు వైపు ఫైళ్లలో వదిలేసిన సందేశాల సంఖ్య ఉంటుంది. ఈ రెండు వైపుల అంకెలనూ రోజూ సేకరించి గ్రాఫుగా చూపించుకోవడం, ఖరీదైన నెట్‌వర్క్ పరిశీలన సాధనం కొనడం కంటే ముందు చేయవలసిన పని.

పరిష్కారంగా వరుస పొడవును పెంచవచ్చు. దాన్ని 1,00,000 వరకు పెంచడానికి వీలుంది. 50,000 పెట్టుకుంటే, 1000 బైట్ల లెక్కన నిండినప్పుడు 50 మెగాబైట్ల మెమరీ తీసుకుంటుంది. ఈనాటి కంప్యూటర్లకు అది భారం కాదు. కానీ ఆ వరుస మెమరీలోనే ఉంటుంది, డిస్కు మీద ఉండదు. కంప్యూటరు ఆగిపోతే వరుసలో ఉన్నవన్నీ దానితోనే పోతాయి, దాడి చేసేవారు మొదట చేసే పనుల్లో కంప్యూటరును రీస్టార్ట్ చేయడం కూడా ఒకటి కావచ్చు.

ఇక్కడే ఒక విచిత్రమైన సంగతి గమనించాలి. వాజూకు సంబంధించినంత వరకు, పూర్తిగా తెగిన లింకు కంటే సగం పనిచేసే లింకే ఎక్కువ ప్రమాదకరం. ఏజెంటు డిఫాల్ట్‌గా కొన్ని సెకన్లకు ఒకసారి మేనేజరుకు తాను బతికే ఉన్నానని కబురు పంపుతుంది. సంబంధం తెగిందని తెలిసినప్పుడు, లినక్స్ ఏజెంటులో లాగ్ ఫైళ్లను చదివే భాగం అక్కడితో ఆగి, లింకు తిరిగి వచ్చాక ఆగిన చోటి నుంచి చదువుతుంది. లాగ్‌లు ఆ కంప్యూటరు డిస్కు మీద ఫైళ్లలో భద్రంగా ఉంటాయి కాబట్టి నష్టం తక్కువ. అదే లింకు తెగకుండా, ప్యాకెట్లు పోతూ, ఒక్కో ఈవెంటు కష్టంగా దాటుతూ ఉంటే, చదివే భాగం తన పని తాను చేసుకుపోతుంది, బఫరు నిండుతుంది, ఈవెంట్లు రాలిపోతాయి. వర్షాకాలంలో 4జీ మీదికి మళ్లిన శాఖల్లో కనిపించేది చాలాసార్లు ఈ రెండో స్థితే. విండోస్ ఏజెంట్ల విషయంలో, ఏజెంటు ఆగి ఉన్న కాలపు ఈవెంట్లను వెనక్కి వెళ్లి చదవాలా వద్దా అన్నది చానల్ (విండోస్ లాగ్ విభాగం) వారీగా ఉన్న ఒక సెట్టింగు మీద ఆధారపడుతుంది. దాన్ని చూసుకోవడంతో పాటు, విండోస్ భద్రతా లాగ్ డిఫాల్ట్ పరిమాణం 20 మెగాబైట్లే కాబట్టి దాన్ని కూడా పెంచాలి, లేకపోతే వెనక్కి వెళ్లి చదువుదామన్నా పాత ఈవెంట్ల మీద కొత్తవి వచ్చి కూర్చుని ఉంటాయి.

లేటెన్సీ గురించి ఉన్న భయాల్లో కొన్ని అనవసరమైనవి. హైదరాబాదు నుంచి ముంబైకి ఫైబరు దూరాన్ని 700 కిలోమీటర్లుగా తీసుకుంటే, కాంతి ఫైబరులో సెకనుకు దాదాపు 2,00,000 కిలోమీటర్లు పోతుంది కాబట్టి, వెళ్లి రావడానికి కనీసం 7 మిల్లీసెకన్లు పడుతుంది, వాస్తవంలో దానికి కొన్ని రెట్లు అవుతుంది. అమెజాన్ క్లౌడ్ హైదరాబాదు ప్రాంతం 2022 నవంబరులో మొదలైంది కాబట్టి మేనేజరును ముంబైలో పెట్టాలా, హైదరాబాదులో పెట్టాలా అన్న చర్చ తరచుగా వస్తుంది. ఏజెంటుకూ మేనేజరుకూ మధ్య దారి విషయంలో ఈ తేడా దాదాపు పట్టించుకోనవసరం లేనిది. మారుమూల శాఖకు వీశాట్ (ఉపగ్రహ లింకు) ఉన్నా, భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి వెళ్లి రావడానికి 600 మిల్లీసెకన్ల దాకా పట్టినా, పాతకాలపు 64 కిలోబైట్ల టీసీపీ విండోతోనే (జవాబు రాకముందే పంపగల డేటా హద్దుతోనే) ఒక్కో కనెక్షనుకు 870 కేబీపీఎస్ దాకా దక్కుతుంది. మనకు కావలసింది అంతకంటే చాలా తక్కువ. అసలు దెబ్బ ప్యాకెట్ల నష్టంతో తగులుతుంది. టీసీపీ వేగాన్ని అంచనా వేయడానికి 1997లో మాథిస్, ఆయన సహచరులు ఇచ్చిన సూత్రం ప్రకారం, 300 మిల్లీసెకన్ల లేటెన్సీ ఉన్న దారిలో నూటికి రెండు ప్యాకెట్లు పోతే, పాత తరహా టీసీపీ కనెక్షను ఒక్కోటి 300 కేబీపీఎస్ చుట్టుపక్కలే ఆగిపోతుంది. కాబట్టి సర్వీసు ప్రొవైడరుతో ఒప్పందం రాసుకునేటప్పుడు ఎంబీపీఎస్ అంకె మీద ఎంత పట్టుబడతామో, ప్యాకెట్ నష్టం అంకె మీద అంతకంటే గట్టిగా పట్టుబట్టాలి.

ఆలస్యం అసలు బాధించేది రూల్స్ దగ్గర. ఉదాహరణకు లేని యూజరు పేర్లతో, దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా పదేపదే ప్రయత్నించడాన్ని పట్టుకునే 5712 రూలు, 120 సెకన్ల వ్యవధిలో ఎనిమిది విఫల ప్రయత్నాలు కనిపిస్తే అలర్టు ఇస్తుంది. ఆ 120 సెకన్లను వాజూ లాగ్‌లో రాసి ఉన్న సమయంతో కొలవదు, ఈవెంటు మేనేజరుకు చేరిన సమయంతో కొలుస్తుంది. అందువల్ల ఒక గంటలో అక్కడొకటి ఇక్కడొకటిగా జరిగిన విఫల ప్రయత్నాలు లింకు తెగి ఒక్కసారిగా వచ్చి పడితే, జరగని దాడికి అలర్టు వస్తుంది. నిజంగా వేగంగా జరిగిన దాడికి సంబంధించిన ఈవెంట్లు, సెకనుకు ఆరు చొప్పున కదిలే వరుసలో ఇతర ఈవెంట్ల మధ్య చెదిరిపోయి నింపాదిగా చేరితే, అలర్టు రాకుండా పోవచ్చు. డాష్‌బోర్డు మీద కనిపించే ప్రధాన సమయం కూడా మేనేజరుకు చేరిన సమయమే. అసలు సమయం వేరే ఫీల్డులో ఉంటుంది, లినక్స్ లాగ్‌లకు ఒకచోట, విండోస్ ఈవెంట్లకు మరొకచోట. లింకు దెబ్బతిన్న రోజున జరిగిన సంఘటనను పరిశోధించేవారు ఈ రెండో సమయాన్నే ఆధారంగా తీసుకోవాలి.

మన దేశంలో ఇది కేవలం సాంకేతిక సూక్ష్మం కాదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ సంఘటనను గుర్తించిన ఆరు గంటల్లోపు తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజుల పాటు నిలువ ఉంచాలి, గడియారాలను ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ) టైమ్ సర్వర్లతో, లేదా వాటికి అనుసంధానమైన వాటితో, సరిచూసుకోవాలి. శాఖ కంప్యూటరు గడియారం తప్పుగా ఉండి, ఈవెంటు చేరిన సమయం కూడా గంట ఆలస్యమైనదైతే, ఏ సమయాన్ని నివేదికలో రాయాలన్నది తేల్చడానికే ఆ ఆరు గంటల్లో కొంత భాగం పోతుంది.

ఫైర్‌వాల్‌లు, స్విచ్‌ల నుంచి వచ్చే సిస్‌లాగ్ (నెట్‌వర్కు పరికరాలు లాగ్‌లు పంపే ప్రామాణిక పద్ధతి) విషయంలో వాజూ బలహీనమైనదే. మేనేజరు నేరుగా 514 పోర్టు మీద సిస్‌లాగ్ తీసుకోగలదు, కానీ టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్‌తో తీసుకునే ఏర్పాటు అందులో లేదు. యూడీపీ మీద పంపితే పోయిన ప్యాకెట్టు పోయిందని పంపినవారికీ తెలియదు, తీసుకున్నవారికీ తెలియదు. పైగా అన్నిటికంటే ఎక్కువగా మాట్లాడేవి ఫైర్‌వాల్‌లే. ప్రతి శాఖలో లేదా కనీసం ప్రతి జిల్లా కేంద్రంలో ఒక చిన్న లినక్స్ యంత్రం పెట్టి, ఆర్‌సిస్‌లాగ్ అనే ప్రోగ్రాము ద్వారా లాగ్‌లను అక్కడే ఫైలులోకి రాయించి, ఆ ఫైలును వాజూ ఏజెంటుతో చదివించడం సరైన పద్ధతి. లింకు తెగితే లాగ్‌లు ఆ యంత్రం డిస్కు మీద ఆగి ఉంటాయి.

ఈ లెక్కలకు పూర్తి భిన్నంగా, అలర్టులను నిలవచేసి వెతకనిచ్చే ఇండెక్సరు నోడ్‌ల (సర్వర్ల) మధ్య మాత్రం లేటెన్సీ విషయంలో రాజీ పనికిరాదు. ఓపెన్‌సెర్చ్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడిన ఆ భాగం, నోడ్‌లు ఒకదానినొకటి నిరంతరం పలకరించుకుంటూ, ప్రతి రాతనూ నకలు నోడుకు చేరవేస్తూ నడుస్తుంది. మూడు నోడ్‌లను హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాలకు పంచితే విపత్తు నుంచి రక్షణ దొరుకుతుందని అనుకోవడం సహజమే గానీ, ఆ మూడూ ఒకే డేటా సెంటరులో గానీ, ఒకే నగరంలో దగ్గరి లింకులతో గానీ ఉండాలి. దూరపు కేంద్రానికి స్నాప్‌షాట్‌లు (డేటా నకళ్లు) పంపుకోవడం మేలు.

విస్తరణలో వాజూకు ఉన్న గొప్ప వెసులుబాటు మేనేజరు క్లస్టరు, అంటే పనిని పంచుకునే మేనేజర్ల గుంపు. విశాఖలోని జోనల్ కార్యాలయంలో ఒక వర్కర్ నోడు పెడితే, ఉత్తరాంధ్ర శాఖల లాగ్‌లన్నీ అక్కడికే చేరి, అక్కడే విశ్లేషణ జరిగి, అలర్టులు మాత్రం ఫైల్‌బీట్ అనే ప్రోగ్రాము ద్వారా హైదరాబాదు ఇండెక్సరుకు వస్తాయి. ఫైల్‌బీట్ తాను ఎక్కడిదాకా పంపిందో గుర్తు పెట్టుకుని, లింకు తెగితే ఫైలులో అక్కడి నుంచే మళ్లీ మొదలుపెడుతుంది కాబట్టి, ఈ దారి ఏజెంటు దారి కంటే చాలా దృఢమైనది. దీనికి ఎంత బ్యాండ్‌విడ్త్ కావాలో వాజూ సొంత పత్రాల నుంచే లెక్క కట్టవచ్చు. ఆ పత్రాల్లో ఒక సర్వరుకు సెకనుకు 0.25 అలర్టులు, 90 రోజులకు ఇండెక్సరులో 3.7 గిగాబైట్లు అని ఇచ్చారు. అంటే ఒక్కో అలర్టు సుమారు 1.9 కిలోబైట్లు. వంద సర్వర్లకు సెకనుకు 25 అలర్టులు, దాదాపు 400 కేబీపీఎస్. సెర్ట్-ఇన్ 180 రోజుల నియమానికి డిస్కును రెట్టింపు చేసుకోవాలి, అలర్టుగా మారని లాగ్‌లను కూడా నిలవ చేయాలంటే మేనేజరు మీద ఆర్కైవ్ సెట్టింగు వేసుకుని వేరే లెక్క కట్టుకోవాలి. సీపీయూ, మెమరీ, డిస్కుల గురించి ఇంత వివరంగా పట్టికలు ఇచ్చిన వాజూ, నెట్‌వర్కు గురించి మాత్రం అలాంటి పట్టిక ఇవ్వలేదు. శాఖలు ఉన్న సంస్థలకు అదే మొదట కావలసినది.

ఇదే పని చేసే వాణిజ్య ఉత్పత్తి స్ప్లంక్‌తో పోల్చితే ఈ తేడా తెలుస్తుంది. దాని యూనివర్సల్ ఫార్వార్డరు (లాగ్‌లు పంపే ఏజెంటు) డిఫాల్ట్‌గానే సెకనుకు 256 కిలోబైట్ల హద్దుతో వస్తుంది. హద్దు ఈవెంట్ల సంఖ్యలో కాక బైట్లలో ఉండటం వల్ల లింకు లెక్క నేరుగా కట్టుకోవచ్చు. పంపే దారి మూసుకుపోతే ఫైళ్లను చదవడం ఆపి వేచి ఉంటుంది. వేర్వేరు కేంద్రాల మధ్య ఇండెక్సరు క్లస్టరుకు లేటెన్సీ 100 మిల్లీసెకన్లు దాటకూడదని వారు స్పష్టంగా రాస్తారు. ఇవన్నీ డబ్బుకు దక్కే సౌకర్యాలే, ఆ డబ్బు మాత్రం రోజుకు ఎన్ని గిగాబైట్లు తీసుకున్నామన్న దానిని బట్టి పెరుగుతూ పోతుంది.

పుట్టే చోటే ఈవెంట్లను తగ్గించడంలో వాజూ మెచ్చదగినది. విండోస్ ఏజెంటు డిఫాల్ట్ కాన్ఫిగరేషనులోనే భద్రతా చానల్ నుంచి 5156, 5145 వంటి అతిగా పుట్టే ఈవెంట్లను వదిలేసే క్వెరీ (వడపోత) ఉంది. ఫైర్‌వాల్ అనుమతించిన ప్రతి కనెక్షనుకూ ఒక ఈవెంటు పుట్టించే 5156 ఒక్కటి వదిలేసినా లింకుకు ఎంతో ఊరట. అయితే ఫైలును ఎవరు తెరిచారో చెప్పే 4663 కూడా అదే జాబితాలో ఉంది కాబట్టి, ముఖ్యమైన పత్రాలు ఉన్న సర్వర్లలో ఆ క్వెరీని మార్చుకోవాలి. మిగతా శాఖల్లో ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచవచ్చు.

ఉదయం శాఖ తెరిచే సమయాన్ని కూడా గమనించాలి. కంప్యూటర్లన్నీ ఒకేసారి ఆన్ అయి, ఫైళ్ల పరిశీలన, ఇన్‌స్టాల్ అయిన సాఫ్ట్‌వేర్ల జాబితా, కాన్ఫిగరేషను తనిఖీ అన్నీ డిఫాల్ట్‌గా ఏజెంటు మొదలవగానే నడుస్తాయి. సరిగ్గా అదే సమయంలో మొదటి ఖాతాదారులు కౌంటరు ముందు నిలబడి ఉంటారు. వీటిని మధ్యాహ్నానికి మళ్లించి, రౌటరు మీద 1514 పోర్టుకు లావాదేవీల కంటే తక్కువ ప్రాధాన్యం ఇస్తూనే కనీస వాటా హామీగా ఉంచితే రెండు పనులూ సాగుతాయి. ఏజెంట్లను మేనేజరు నుంచే అప్‌గ్రేడ్ చేసే ఏర్పాటు చాలా సౌకర్యమైనదే గానీ, ఆ ప్యాకేజీ ప్రతి కంప్యూటరుకూ విడిగా అదే లింకు మీద వస్తుంది కాబట్టి, శాఖలో ఒక్కో కంప్యూటరుకు ఒక్కో రాత్రి చొప్పున చేసుకోవాలి.

కొనుగోలు నిర్ణయానికి ముందు, లేదా ఉచితమే కాబట్టి అమలు నిర్ణయానికి ముందు, ఒక పరీక్ష తప్పనిసరిగా చేయమని కోరుతున్నాను. రెండు లినక్స్ యంత్రాలు తీసుకుని, కెర్నెల్‌లోనే ఉన్న నెటెమ్ సదుపాయంతో 300 మిల్లీసెకన్ల ఆలస్యం, నూటికి రెండు ప్యాకెట్ల నష్టం, 256 కేబీపీఎస్ హద్దు పెట్టి, ఏజెంటు వైపు లాగ్ ఫైలులోకి వరుస సంఖ్యలు వేసిన ఈవెంట్లను వేగంగా రాయండి. మేనేజరు ఆర్కైవులో ఏ సంఖ్యలు చేరాయో, ఏవి చేరలేదో, ఎంత ఆలస్యంగా చేరాయో చూడండి. తరువాత లింకును పూర్తిగా తెంచి, అరగంట ఆగి, మళ్లీ కలిపి అదే చూడండి. మీ సంస్థకు సెకనుకు ఎన్ని ఈవెంట్ల హద్దు, ఎంత పొడవు వరుస సరిపోతాయో ఆ సంఖ్యలే చెబుతాయి.